డెక్స్టర్ ప్రేమించాడా, నటించాడా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "డెక్స్టర్ ఎనిమిది సీజన్లూ చూశాను. అతను సైకోపాత్ అంటారు, తనకు ఏ ఫీలింగూ ఉండదని అతనే చెప్పుకుంటాడు. మరి భార్య రీటాతో, చెల్లెలు డెబ్రాతో, పిల్లలతో ఉన్నదంతా నటనేనా? అంతమందిని చంపినవాడి మీద నాకు జాలి ఎందుకు కలుగుతోంది? అలా కలగడం తప్పా?"

ముందు నా గురించి ఒక్క మాట. ఇరవై రెండేళ్లుగా టీవీకి రాస్తున్నాను. మొదట్లో డైలీ సీరియళ్లకు మాటలు, తర్వాత స్క్రీన్‌ప్లే, ఈమధ్య ఓటీటీలకు కూడా. డెక్స్టర్‌ని మూడుసార్లు మొదటినుంచి చివరిదాకా చూశాను. అందులో కొంత మా అమ్మ పక్కన కూర్చుని చూశాను, ఆ సంగతి కింద చెబుతాను. నేను డాక్టర్ని కాను కాబట్టి అతనికి ఏ జబ్బు ఉందో తేల్చే పని పెట్టుకోను. ఒక పాత్రను ఎలా కడతారో, చూసేవాళ్లను ఎక్కడ పట్టేస్తారో అది తెలుసు. కథలో మలుపులన్నీ ముగింపుతో సహా ఇక్కడ వచ్చేస్తాయి. సగంలో ఉన్నవాళ్లు పూర్తిగా చూశాకే చదవండి.

నా జవాబు: డెక్స్టర్ ప్రేమించాడు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ తను ప్రేమించిన ఇంటి మనుషులకు, తనలాంటివాడితో బతకాలో వద్దో తేల్చుకునే అవకాశం మాత్రం ఇవ్వలేదు. వాళ్ల నిర్ణయాన్ని తనే దొంగిలించాడు. నాకు ఈ కథంతా ఆ దొంగతనం గురించే అనిపిస్తుంది.

ఎప్పుడో చూసి మర్చిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో షోటైమ్ ఛానల్లో 2006 అక్టోబర్‌లో మొదలై 2013 సెప్టెంబర్‌లో ముగిసింది. 8 సీజన్లు, 96 ఎపిసోడ్లు. జెఫ్ లిండ్సే 2004లో రాసిన నవల దీనికి మూలం. డెక్స్టర్ మోర్గాన్ మయామి పోలీసు శాఖలో పనిచేస్తాడు. హత్య జరిగిన చోట గోడల మీదా నేల మీదా పడ్డ రక్తపు చిందుల్ని బట్టి ఏం జరిగిందో చెప్పడం అతని ఉద్యోగం. రాత్రిళ్లు, చట్టానికి దొరకని హంతకుల్ని వెతికి చంపుతాడు. మూడేళ్ల వయసులో ఓ షిప్పింగ్ కంటెయినర్‌లో కన్నతల్లిని రంపంతో నరుకుతుంటే చూశాడు. రెండు రోజులు ఆ రక్తంలోనే కూర్చున్నాడు. అక్కడినుంచి ఎత్తుకొచ్చి పెంచిన పోలీసు హ్యారీ, కుర్రాడిలో చంపాలన్న కోరిక కనిపెట్టి, దాన్ని మాన్పించలేనని అనుకుని దారి మళ్లించాడు. అమాయకుల్ని చంపినవాళ్లనే చంపు, ముందు రుజువు చూసుకో, అన్నిటికన్నా ముఖ్యం, దొరక్కు. హ్యారీ పెట్టిన కట్టుబాటు ఇదే.

ఇప్పుడు మీరు మొదట అడిగిన దానికి వస్తాను. ఫీలింగ్స్ లేవని అతనే చెబుతాడు కదా అన్నారు. నిజమే, చెబుతాడు. కానీ ఆ మాట ఎక్కడ చెబుతాడో చూడండి. మనసులో.

మన సీరియళ్లలో 'మనసులో మాట' అని ఒక పద్ధతి ఉంది, మీకూ తెలుసు. కెమెరా ముఖం మీదికి వెళ్తుంది, పెదాలు కదలవు, గొంతు మాత్రం కాస్త ఎకోతో వినిపిస్తుంది. అత్తగారు కోడలితో "రామ్మా, కూర్చో" అంటుంది, మనసులో "నీ సంగతి చెప్తా" అనుకుంటుంది. నోటితో అబద్ధం, మనసుతో నిజం. చూసేవాళ్లకూ రాసేవాళ్లకూ మధ్య ఒప్పందం అది. ఓసారి నేను ఒక పాత్రకు మనసులో మాట కూడా అబద్ధంగానే రాశాను. భర్త పోయాక తనకేమీ బాధ లేదని లోపల్లోపల అనుకుంటూ ఇల్లు సర్దుకునే మనిషి. ఛానల్ వాళ్లు ఒప్పుకోలేదు. మనసులో కూడా అబద్ధమే చెబితే ప్రేక్షకులు దేన్ని నమ్ముతారని అడిగారు. ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. డెక్స్టర్ చూశాక దొరికింది. చేసే పనిని నమ్ముతారు.

మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది చూడండి. పొద్దున్నే ఆఫీసుకు డోనట్ల పెట్టె పట్టుకొస్తాడు. నవ్వుతూ అందరికీ పంచుతాడు. పెట్టె ఖాళీ అవుతుంది. నాలాగే లోపల ఖాళీ అని మనసులో అనుకుంటాడు. మొదటిసారి చూసినప్పుడు నేనూ నమ్మేశాను. అదే ఎపిసోడ్‌లో ఇంకోచోట, నాకే గనక ఫీలింగ్స్ ఉంటే అవి డెబ్రా మీదే ఉండేవి అని కూడా అనుకుంటాడు. ఏమీ లేనివాడికి 'ఉంటే' అన్న ఆలోచన ఎందుకొస్తుంది? ఎవరి మీద ఉండేవో పేరు కూడా ఎలా తెలుస్తుంది?

లోకానికి చూపించే నవ్వుముఖమే అతని ముసుగు అని అందరూ రాస్తారు. నా లెక్కలో అది పై ముసుగు మాత్రమే. దాని కింద ఇంకొకటి ఉంది: 'నాకేమీ అనిపించదు' అన్నది. అది లోకం కోసం కాదు, తనకోసం వేసుకున్నది. వేసింది హ్యారీ. నువ్విలా పుట్టావు, నీలో ఏదో లేదు అని చిన్నప్పటినుంచీ విన్న పిల్లవాడు దాన్నే నిజం చేసుకున్నాడు. ఆ లేని దాన్ని చుట్టూ ఉన్నవాళ్లను చూసి కాపీ కొట్టడమే బతుకు అనుకున్నాడు.

ఇక మొదటి సీజన్ చివరికి రండి. ఆ సీజనంతా పోలీసులు వెతికిన హంతకుడు 'ఐస్ ట్రక్ కిల్లర్' డెక్స్టర్ సొంత అన్న బ్రయన్ అని బయటపడుతుంది. అదే కంటెయినర్‌లో, అదే రక్తంలో కూర్చున్న రెండో పిల్లవాడు. అతను డెబ్రాను ప్లాస్టిక్‌లో చుట్టి బల్ల మీద పడుకోబెట్టి తమ్ముణ్ని పిలుస్తాడు. వీళ్లెవరూ నీ వాళ్లు కాదు, నా దగ్గర నువ్వు నువ్వులా ఉండొచ్చు అని ఆశ చూపిస్తాడు. డెక్స్టర్ జన్మంతా వెతికింది సరిగ్గా దీన్నే. తనేంటో పూర్తిగా తెలిసీ దగ్గరికి రమ్మనే మనిషిని. ఆ మనిషి ఎదురుగా ఉన్నాడు, పైగా రక్తసంబంధం. అటువైపు డెబ్రా, అన్నయ్య ఎవరో ఏమీ తెలియని పెంపుడు చెల్లెలు. డెక్స్టర్ డెబ్రా వైపు నిలబడతాడు. తర్వాత బ్రయన్‌ను తన చేత్తోనే చంపుతాడు, కళ్లలో నీళ్లతో. ఖాళీ పెట్టెకు ఆ కన్నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి?

మనకు 'మేకవన్నె పులి' అన్న మాట ఉంది. చాలామంది డెక్స్టర్‌ని ఆ మాటతోనే కొట్టిపారేస్తారు. ఆ మాటలోని పులికి మందతో పనేమీ లేదు, ఆకలితోనే పని. మేకతోలు కప్పుకునేది తినడానికి. డెక్స్టర్ మందలో ఉండిపోవాలనుకున్న పులి. సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలకు పాన్‌కేకులు వేయాలని, చెల్లెలి సణుగుడు వినాలని, ఎవరైనా తనకోసం ఎదురుచూడాలని ఉంటుంది. ఆకలి మాత్రం పోదు. అలాంటివాడికి మన భాషలో సరిపోయే మాట నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఇక్కడే సైకోపాత్ అన్న మాట సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మీరు ప్రశ్నలో అది వాడారు. ఆ మనుషుల గురించి అమెరికన్ సైకియాట్రిస్ట్ హార్వీ క్లెక్లీ 1941లో రాసిన పుస్తకం పేరులోనే ముసుగు అన్న మాట ఉంది. తర్వాత కెనడా సైకాలజిస్ట్ రాబర్ట్ హేర్ 20 లక్షణాల పట్టిక తయారుచేశాడు. పైపై భావోద్వేగాలు, పశ్చాత్తాపం లేకపోవడం, ఎదుటివాడి బాధ పట్టకపోవడం అందులో ఉంటాయి. డెక్స్టర్ ఆ పట్టికలో కుదురుగా ఇమడడు. నిజ జీవితంలో అచ్చంగా రెండు బతుకులు బతికినవాడు కావాలంటే కాన్సస్‌లోని డెనిస్ రేడర్ ఉన్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు, చర్చి సంఘానికి అధ్యక్షుడు. 1974 నుంచి 1991 మధ్య 10 మందిని చంపి 2005లో గానీ దొరకలేదు. నాలుగో సీజన్‌లో ట్రినిటీ అన్న హంతకుడు అలాంటివాడే. డెక్స్టర్ కథలో మనిషి, కథ కోసం కట్టిన మనిషి. అతన్ని చూసి నిజం హంతకుల లోపల కూడా ఇలాంటి మెత్తని మనసు ఉంటుందని మాత్రం అనుకోకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే అలా అనుకునే కుర్రాళ్లు నాకు కనిపించారు.

సరే, బ్రయన్ పోయాక కథ ఎలా నడిచిందో చూడండి. దాదాపు ప్రతి సీజన్‌లోనూ డెక్స్టర్‌ను తెలుసుకోగల మనిషి ఒకరు వస్తారు. స్టోరీ డిస్కషన్‌లో కూర్చునేవాడిగా నాకు ఈ అల్లిక చాలా ఇష్టం. రెండో సీజన్‌లో లైలా. నీలో చీకటి ఉంది, నాకు తెలుసు, ఫర్వాలేదు అంటుంది. అతను తేలికపడతాడు. కానీ ఆమెకు అతని చీకటి మాత్రమే కావాలి, మిగతా మనిషి అక్కర్లేదు. మూడో సీజన్‌లో మిగెల్ ప్రాడో, పేరున్న ప్రాసిక్యూటర్. డెక్స్టర్‌కు జీవితంలో మొదటి స్నేహితుడు. నమ్మకానికి గుర్తుగా తన రక్తం మరకల చొక్కా ఇస్తాడు. ఇది బయటపడితే నేను అయిపోతాను, నీ దగ్గర ఉంచుకో అన్నట్టు. కొంత కాలం తర్వాత డెక్స్టర్ ల్యాబ్‌లో పరీక్ష చేస్తే అది ఆవు రక్తం. రక్తం చూసి నిజం చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవాడు, స్నేహితుడిచ్చిన రక్తాన్ని మాత్రం పరీక్ష చేయకుండా దాచుకున్నాడు. అతనికి తోడు ఎంత కావలసి ఉందో దీనికన్నా బాగా చెప్పే సీన్ ఎనిమిది సీజన్లలో లేదు. అది రాసినవాళ్లకు దండం పెట్టాలి.

ఐదో సీజన్‌లో ల్యూమెన్ వస్తుంది. చాలామందికి ఆ సీజన్ నచ్చదు, నాకు నచ్చుతుంది. ఆమె అన్నీ చూసింది, తెలిసే పక్కన నిలబడింది, తనను హింసించినవాళ్ల మీద పగ తీరేదాకా అతనితో కలిసి వేటాడింది. పగ తీరాక ఆమెలోని చీకటి పోయింది. అందుకే వెళ్లిపోయింది. డెక్స్టర్ ఆపలేదు. తెలిసిన మనిషికి వెళ్లిపోయే దారి కూడా ఉంటుంది. ల్యూమెన్‌కు ఆ దారి దొరికింది. రీటాకు దొరకలేదు.

రీటా దగ్గర కాసేపు ఆగుతాను.

నాలుగో సీజన్ రెండోసారి చూస్తున్నప్పుడు అమ్మ మా ఇంట్లో ఉంది, మోకాలి ఆపరేషన్ అయ్యాక. ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి నేను నోట్సు రాసుకుంటూ చూస్తుంటే, అమ్మ సోఫాలో కాలు చాపుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉండేది. ఇంగ్లిష్ రాదు. మధ్యమధ్యలో నేనే కథ చెప్పేవాణ్ని. రీటా మొదటి భర్త కొట్టేవాడని, ఇద్దరు పిల్లలతో భయంభయంగా బతికిందని, డెక్స్టర్ వచ్చాక కోలుకుందని చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చిక్కుడుకాయల మీంచి తలెత్తకుండానే అడిగింది.

"ఆ పిల్లకు తెలుసా?"

"ఏది?"

"వీడు రాత్రిళ్లు ఎక్కడికి పోతున్నాడో."

"తెలీదమ్మా."

"ఆ మొదటివాడైనా ఎదురుగా నిలబడి కొట్టాడు."

నేను నోట్సులో అంతకుముందు రాసుకున్నవన్నీ ఆ మాట ముందు చిన్నబోయాయి. డెక్స్టర్ రీటా మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. పిల్లల్ని ప్రాణంలా చూశాడు. ఆ మొదటి భర్త పాల్ మళ్లీ ఇంటి చుట్టూ తిరుగుతుంటే, మత్తుమందు కేసులో ఇరికించి జైలుకు పంపాడు. రీటా కోసమే పంపాడు. రీటాకు చెప్పకుండా పంపాడు. అతని ప్రేమ ఎప్పుడూ అలాగే ఉంటుంది. నీ మంచికే, నీకు తెలియకుండా. పెళ్లయ్యాక కూడా పాత ఫ్లాట్ వదిలేశానని చెప్పి ఉంచుకున్నాడు. మనం మాత్రం అది చూసి, పాపం అతనికి కాస్త చోటు కావాలి కదా అనుకుంటాం.

ట్రినిటీని ఎప్పుడో చంపేయొచ్చు. ఎందుకు ఆగాడు? ఆ ముసలాడు ముప్పయ్యేళ్లుగా చంపుతూ కూడా భార్యాపిల్లలతో కాపురం చేస్తున్నాడు, ఆ కిటుకు నేర్చుకుందామని. కైల్ బట్లర్ అన్న దొంగపేరుతో ఆ ఇంట్లో చేరాడు. థాంక్స్‌గివింగ్ భోజనం బల్ల దగ్గర గానీ నిజం కనిపించలేదు. ఆ ఇంట్లో అందరూ భయంతో బతుకుతున్నారు, కాపురం పైపూత. ఆ రోజైనా పని ముగించాల్సింది. జాన్ లిత్‌గో ఆ పాత్రకు ఎమ్మీ గెలుచుకున్నాడు. ప్రేమగల తండ్రి ముఖం అలాగే ఉండగా కళ్లు మాత్రం మారిపోవడం అతని దగ్గర చూడాలి.

తర్వాత ఆ రాత్రి. ట్రినిటీని చంపేసి, ఇక అంతా బాగుంటుందనుకుంటూ డెక్స్టర్ ఇంటికొస్తాడు. రీటా ఊరు వెళ్లింది, వెనకే తనూ వెళ్లాలి. ఫోన్‌లో ఆమె వదిలిన మెసేజ్ ఉంది, ఐడీ కార్డు మర్చిపోయాను, తీసుకోవడానికి వెనక్కి వచ్చానని. తిరిగి ఫోన్ చేస్తాడు. ఫోన్ ఇంట్లోనే మోగుతుంది. ఆ మోగడం విన్నప్పుడు అతని ముఖం చూడండి. లోపల్నుంచి పిల్లవాడి ఏడుపు. స్నానాల గదిలో తొట్టెలో రీటా, నేల మీద రక్తంలో పసివాడు హ్యారిసన్, ఒకప్పుడు తను కూర్చున్నట్టే కూర్చుని. 2009 డిసెంబర్‌లో ఇది ప్రసారమైంది. ఇంతకాలం తర్వాత కూడా ఆ ఫోన్ రింగు గుర్తొస్తే నాకు కడుపులో ఏదో అవుతుంది.

అమ్మ ఆ ఎపిసోడ్ చూసింది. ఏడవలేదు. "చివరిదాకా తెలీనే లేదన్నమాట" అంది, అంతే. రీటా భర్తను నమ్మి చచ్చిపోయింది. ఆ చావు తనకు ఎందుకొచ్చిందో కూడా తెలియకుండా.

మీ ప్రశ్నకు అసలు రుజువు ఆ తర్వాతి ఎపిసోడ్‌లో ఉంది, ఐదో సీజన్ మొదటిది. డిస్నీ వరల్డ్‌నుంచి పిల్లలు మిక్కీ మౌస్ చెవుల టోపీలతో వస్తారు. తల్లి పోయిందని చెప్పాలి. వాళ్లు తెచ్చిన టోపీ తన తల మీద కూడా ఉంటుంది. అలాగే నిలబడి, పరామర్శకు వచ్చిన బయటివాళ్లు అనే మాట అంటాడు, మీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నాను అన్నట్టు. పిల్లలు అర్థంకాక చూస్తారు. ఏ ఫీలింగూ లేనివాడు కాబట్టి అలా అన్నాడని కొందరంటారు. నేను ఒప్పుకోను. పైనుంచి కిందిదాకా కూలిపోయిన మనిషి, జన్మంతా కాపీ కొట్టిన మాటల్లోంచి చేతికి అందిన ఒకటి తీసి ఇచ్చాడు. సొంత మాట నేర్చుకోలేదు. అదే ఎపిసోడ్‌లో ఓ పాడుబడ్డ బాత్రూములో ఎవడో నోరు జారినందుకు కట్టుబాటు గిట్టుబాటు ఏమీ లేకుండా కొట్టి చంపేసి, గొంతు చించుకుని అరుస్తాడు. ఎప్పుడో చనిపోయి అతనికి మాత్రమే కనిపించే హ్యారీ, ఆమె పోయాక నీలో నేను చూసిన మొదటి మానుషం ఇదే అన్న అర్థంలో మాట్లాడతాడు. ఎంత ఘోరమైన మాటో చూడండి. పెంచిన తండ్రి దృష్టిలో కొడుకు మనిషిగా కనిపించింది అదుపు తప్పి చంపినప్పుడు.

నవలల్లో కథ వేరేలా ఉంటుంది. మొదటి నవల చివరికే డెబ్రాకు అన్న సంగతి తెలిసిపోతుంది, బ్రయన్ కూడా బతికే ఉంటాడు. టీవీ వాళ్లు ఆ రహస్యాన్ని ఆరు సీజన్లు దాచారు. వారంవారం నడవాల్సిన కథకు అది కావాలి, నిజమే. కానీ దానివల్ల అంతకన్నా పెద్ద లాభం జరిగింది. ఆరు సీజన్లపాటు డెబ్రా మనకు సొంత మనిషి అయిపోయింది. నోటి దురుసు, మంచి మనసు, అన్న దగ్గరికి పరుగెత్తుకొచ్చి కష్టం చెప్పుకోవడం, అన్నీ. డెబ్రాగా జెన్నిఫర్ కార్పెంటర్ చేసిన పని ఈ సిరీస్‌కు వెన్నెముక అని నా నమ్మకం. డెక్స్టర్‌గా చేసిన మైకెల్ సి. హాల్‌ను మెచ్చుకున్నవాళ్లు ఆమెను సరిగ్గా గుర్తించలేదని నాకు ఇప్పటికీ కోపం.

ఆరో సీజన్ కథ బలహీనమైనది, దాన్ని వదిలేస్తాను. చివర్లో చర్చిలో అన్న ఒకణ్ని పొడవడం డెబ్రా కళ్లారా చూస్తుంది. డెక్స్టర్ అప్పుడు కూడా అబద్ధమే చెబుతాడు, ఏదో ఆవేశంలో జరిగిపోయిందని. ఆమె నమ్ముతుంది. పోలీసు అయ్యుండి, చర్చిని తగలబెట్టడానికి సాయం చేస్తుంది. తర్వాత అనుమానం తొలిచేసి అతని ఇల్లు గాలిస్తుంది. కత్తులు, గాజుపలకల మీద రక్తపు చుక్కలు దొరుకుతాయి. అతను వచ్చేసరికి వాటిని ముందు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. నువ్వు సీరియల్ కిల్లర్‌వా అని అడుగుతుంది. అవును అంటాడు. ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్ అక్కడ ఆగుతుంది.

అతను జన్మంతా కోరుకున్నది ఇదే. బాగా ప్రేమించిన మనిషికి తనెవరో పూర్తిగా తెలియడం. డెబ్రా వదిలేయలేదు. అన్నను మాన్పిస్తానని అతన్ని తన ఇంటికే తెచ్చిపెట్టుకుని కాపలా కాసింది. సీజన్ చివరికి ఏమైందో మీరు చూశారు. ఓ షిప్పింగ్ కంటెయినర్‌లో, ఒకవైపు అన్న, ఇంకోవైపు అతని గుట్టు పట్టుకున్న అధికారి లగ్వెర్టా. చేతిలో తుపాకి. డెబ్రా లగ్వెర్టాను కాల్చింది. డెక్స్టర్ బతుకు పాడైంది అలాంటి కంటెయినర్‌లోనే, డెబ్రా బతుకు కూడా అక్కడే పాడైంది. అన్నకు కావలసిన ప్రేమ అతనికి దొరికింది, దాని వెల చెల్లెలు కట్టింది. ఎనిమిదో సీజన్‌లో ఆమె తాగుడు, మాత్రలు, కారుతో సహా అన్నను నీళ్లలోకి తోసేయడం, ఇవన్నీ ఆ వెల తాలూకు వాయిదాలే.

ఇప్పుడు జాలి సంగతి. జాలి కలగడం తప్పు కాదు, కలిగేలా కట్టారు. మాలాంటివాళ్లకు ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది, భయపడాల్సింది కూడా. ఒక కిటుకు చెబుతాను. డెక్స్టర్ వల్ల పోయిన మంచివాళ్లను లెక్కపెట్టండి. సార్జెంట్ డోక్స్, రీటా, లగ్వెర్టా. డోక్స్‌ను చంపింది లైలా. రీటాను చంపింది ట్రినిటీ. లగ్వెర్టాను కాల్చింది డెబ్రా. ముగ్గురి చావుకూ మూలం డెక్స్టరే, కానీ మనకు గుర్తుండిపోయే ఏ చావులోనూ కత్తి అతని చేతిలో ఉండదు. నాలుగో సీజన్‌లో ఒక ఫొటోగ్రాఫర్‌ని పొరపాటున చంపాడు, అసలు హంతకుడు వేరొకడని తర్వాత తేలింది. ఆ అమాయకుడి కోసం కథ ఎంతసేపు ఆగింది? డెక్స్టర్ కాస్త కలతపడ్డాడు, కథ ముందుకెళ్లిపోయింది, మనమూ వెళ్లిపోయాం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది డోక్స్. ఆ ఆఫీసులో డెక్స్టర్‌లో ఏదో తేడా ఉందని మొదటినుంచీ పసిగట్టింది అతనొక్కడే. అతను చెప్పిందే నిజం. కానీ అతనికి విసురు ఇచ్చారు, కోపం ఇచ్చారు, మనం అతను ఎప్పుడు తప్పుకుంటాడా అని చూసేలా చేశారు. అడవిలో గుడిసె పేలిపోయినప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత సిగ్గేసింది. నిజం చెప్పిన పోలీసు చచ్చిపోయాడు, పైగా హంతకుడన్న ముద్ర కూడా అతని పేరు మీదే పడింది. లగ్వెర్టా ఒక్కతే నమ్మలేదు, ఆ నమ్మకం కోసమే ఏళ్ల తర్వాత ప్రాణం పోగొట్టుకుంది. రెండోసారి చూసేటప్పుడు డోక్స్ వైపు నిలబడి చూడండి. అదే సిరీస్ వేరే సిరీస్‌లా కనిపిస్తుంది.

మైకెల్ సి. హాల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం జాలి అతని ముఖం వల్లే. దీనికి ముందు అతను సిక్స్ ఫీట్ అండర్‌లో అంత్యక్రియల సంస్థ నడిపే కుటుంబంలో, స్వలింగ ప్రేమను ఇంట్లో దాచుకునే కొడుకుగా చేశాడు. దాచుకోవడం ఎలా ఉంటుందో అయిదేళ్లు సాధన చేసి వచ్చినట్టే. నాలుగో సీజన్‌కు 2010 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ అందుకున్నప్పుడు, క్యాన్సర్ చికిత్స వల్ల తలకు అల్లిన టోపీ పెట్టుకుని వేదికెక్కాడు. ఆ సీజన్‌లో పడ్డ శ్రమ గుర్తొచ్చి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఎనిమిదో సీజన్ ముగింపు అందరూ తిట్టారు. నేనూ కథనాన్ని తిడతాను, తొందరగా చుట్టేశారు. కానీ ఒక్క సంగతి సరిగ్గా చేశారు. డెబ్రాను ఆసుపత్రినుంచి పడవలో తీసుకెళ్లి సముద్రంలో వదులుతాడు, తను చంపినవాళ్లను పడేసిన నీళ్లలోనే. కొడుకును ప్రియురాలు హానాతో పంపేసి, తను చచ్చిపోయాడని లోకాన్ని నమ్మించి, ఆరెగాన్‌లో దుంగలు కొట్టే పనికి పోతాడు. చివరి షాట్‌లో గదిలో కూర్చుని మనవైపు చూస్తాడు. ఎనిమిది సీజన్లు మన చెవిలో ఆగకుండా మాట్లాడిన ఆ మనసులో మాట అప్పుడు వినిపించదు.

దీనికి కొనసాగింపుగా 2021లో వచ్చిన న్యూ బ్లడ్ కూడా చూడండి, మీరు ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. ఎదిగిన హ్యారిసన్ తండ్రిని వెతుక్కుంటూ వస్తాడు. ఇంట్లో మనిషికి తనంతట తను నిజం చెప్పడం అక్కడ చూస్తాం. కుర్రాడు వింటాడు, చివరికి కట్టుబాటు తప్పి ఓ మంచి పోలీసును చంపిన తండ్రిని చూస్తాడు, తుపాకి ఎత్తుతాడు. రీటాకు, డెబ్రాకు దొరకని నిర్ణయం ఆ పిల్లవాడికి దొరికింది. 2025 జులైలో మొదలైన రిసరెక్షన్‌లో డెక్స్టర్ ఆ తూటా నుంచి బతికి బయటపడ్డాడని చూపించారు. రచయితగా నాకు ఆ నిర్ణయం నచ్చలేదు, కొడుకు తీసుకున్న నిర్ణయాన్ని తేలిక చేసినట్టు అనిపించింది. ప్రేక్షకుడిగా మాత్రం కూర్చుని చూశాను.

మళ్లీ మొత్తం చూసే తీరిక లేకపోతే మూడు ఎపిసోడ్లు చాలు. మొదటి సీజన్ చివరిది, ఐదో సీజన్ మొదటిది, ఏడో సీజన్ మొదటిది. మనసులో మాట వచ్చినప్పుడల్లా దాన్ని పట్టించుకోకుండా అతని చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. ఆ మూడోదాని చివర్లో మాత్రం అతన్ని వదిలేసి డెబ్రాను చూడండి.